ఇంటి లెక్కలకు, చిన్న దుకాణానికి ఉచిత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఏది మంచిది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కరీంనగర్‌లో మీరూ మీ శ్రీమతీ కలిసి మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నారు. ముందు గదిలో బ్లౌజ్ పీసులు, లైనింగ్ గుడ్డ, ఫాల్స్ అమ్ముతారు. వెనక గదిలో రెండు మిషన్ల మీద కుట్టుపని జరుగుతుంది. ఏడాదికి సుమారు 16 లక్షల వ్యాపారం, జీఎస్టీ నమోదు లేదు. ఇంటి ఖర్చులకూ షాపు ఖర్చులకూ ఒకటే గల్లాపెట్టె, ఒకటే బ్యాంకు ఖాతా. "రోజూ బేరాలు బాగానే ఉన్నాయి, నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదు. డబ్బు పెట్టకుండా వాడుకునే సాఫ్ట్‌వేర్ ఉందా, టాలీ కొనక తప్పదా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. గ్నూక్యాష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. టాలీ మీకు ఇప్పుడు అవసరం లేదు. గ్నూక్యాష్‌లో షాపుకు ఒక ఫైలు, ఇంటికి ఇంకో ఫైలు పెట్టుకోండి. అంతకంటే ముందు ఈ వారంలోనే షాపు పేరున వేరే బ్యాంకు ఖాతా తెరిచి, కౌంటర్ మీది క్యూఆర్ కోడ్‌ను ఆ ఖాతాకు మార్చండి. ఈ పని చేయకపోతే ఏ సాఫ్ట్‌వేర్ వేసినా మీ బాధ తీరదు.

నేను రాజమహేంద్రవరంలో చిన్న వ్యాపారుల లెక్కలు రాస్తూ 22 ఏళ్లయింది. ఎర్ర అట్టల చిట్టా పుస్తకాలతో మొదలుపెట్టి, టాలీ నేర్చుకుని, గత 11 ఏళ్లుగా చాలా దుకాణాలకూ మా ఇంటికీ గ్నూక్యాష్ వాడుతున్నాను. కింద చెప్పేదంతా ఆ అనుభవంలోంచే.

గ్నూక్యాష్ ఎందుకు?

మొదటి కారణం, అది నిజంగా ఉచితం. 1998లో తొలి వెర్షన్ వచ్చింది. గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్స్ కింద విడుదలైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. పాత కంప్యూటరైనా చాలు, ఇంటర్నెట్ లేకపోయినా పని ఆగదు. మీ లెక్కలు మీ కంప్యూటర్‌లో మీ ఫైలుగానే ఉంటాయి. రేపెవరో వచ్చి "ఇక నెలకింత కడితేనే తెరుస్తాం" అనడానికి వీల్లేదు.

ఈ చివరి మాటను తేలిగ్గా తీసుకోకండి. మా వీధిలోనే ఒక ఫ్యాన్సీ షాపు యజమాని అరువుల లెక్కంతా ఫోనులో ఒక ఉచిత యాప్‌లో రాసుకునేవారు. మూడేళ్లలో 140 మంది ఖాతాదారుల బాకీలు అందులోకి చేరాయి. ఒకరోజు యాప్ మారింది. పాత పద్దులు తెర మీద కనిపిస్తాయి గాని, పట్టీ తీసుకోవాలంటే చందా కట్టమంది. ఆయన కూతురు రెండు రాత్రులు కూర్చుని, తెర చూస్తూ ఒక్కొక్కరి బాకీ నోటుపుస్తకంలోకి ఎక్కించింది. అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లు చాలామంది వాడిన మింట్ అనే ఇంటి లెక్కల సేవ కూడా 2024 మార్చిలో మూతపడింది. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ చూసినా నేను మొదట అడిగే ప్రశ్న ధర గురించి కాదు, నా లెక్కలు బయటికి తీసుకుపోగలనా అని.

రెండో కారణం, అది జంటపద్దు విధానంలో నడుస్తుంది. పేరు విని భయపడనవసరం లేదు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి వెళ్లింది అనే రెండు ప్రశ్నలకూ జవాబు రాస్తేనే పద్దు పూర్తవుతుంది, అంతే. పూర్వం గుమాస్తా పగలు చిట్టా, అంటే రోజు పుస్తకం రాసి, సాయంత్రం ఆవర్జాలో, అంటే ఖాతాల పుస్తకంలో ఎక్కించేవాడు. గ్నూక్యాష్‌లో ఒకసారి రాస్తే ఆ రెండూ జరిగిపోతాయి. ఏదో ఒక వైపు వదిలేశారనుకోండి, ఆ మొత్తాన్ని 'ఇంబాలెన్స్-ఐఎన్‌ఆర్' అనే ఖాతాలో పడేస్తుంది. ఖాతాల పట్టీలో ఆ పేరు కనిపించి, అందులో నిల్వ ఉందంటే ఎక్కడో సగం పద్దు ఉన్నట్టే. వెంటనే వెతికి సరిచేయండి.

ఖాతాలన్నీ ఐదు జాతులు: ఆస్తులు, అప్పులు, మూలధనం (వ్యాపారంలో మీ సొంత సొమ్ము), ఆదాయం, ఖర్చులు. ఖాతాల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. 'గల్లా', 'లైనింగ్ కొనుగోలు', 'కుట్టుకూలి', 'సొంత వాడకం' అని మీరు రోజూ అనుకునే మాటలతోనే పెట్టండి.

మీ డబ్బు ఎక్కడికి పోతోంది?

మీ అసలు బాధ ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను. ఒక రోజు మీ గల్లాపెట్టెను ఊహించండి. ఉదయం చిల్లర కోసం 2,000 పెట్టి షట్టర్ ఎత్తారు. రాత్రి లెక్కపెడితే 4,310 ఉంది. "ఇవాళ నగదు బేరం 2,310" అనుకుని ఇంటికి వెళతారు. కాని మధ్యలో కూరగాయలకు 350 తీశారు. టీలకు 60 ఇచ్చారు. దారపు రీళ్ల పెట్టె వస్తే 480 కట్టారు. బాబు ట్యూషన్ ఫీజుకు 1,200 పంపారు. ఈ 2,090 కలిపితే ఆ రోజు నగదు బేరం 2,310 కాదు, 4,400.

ఇప్పుడు ఆ 2,090ని విడదీయండి. టీలు, దారం కలిపి 540 షాపు ఖర్చు. కూరగాయలు, ట్యూషన్ కలిపి 1,550 ఇంటిది. ఆ 1,550 షాపుకు ఖర్చూ కాదు, నష్టమూ కాదు. యజమాని తన మూలధనంలోంచి వెనక్కి తీసుకున్న సొమ్ము అది. పుస్తకాల భాషలో దాన్నే సొంతవాడకాలు అంటారు. రోజుకు 1,550 చొప్పున నెలకు 26 రోజులు తీస్తే 40,300. మీ లాభం అక్కడికి పోతోందని నా అనుమానం. అంటే షాపు బాగానే సంపాదిస్తోంది, ఇల్లు దాన్ని చెప్పకుండా తినేస్తోంది.

ఈ మాట ఊహించి చెప్పడం లేదు. మా దగ్గర ఒక టిఫిన్ సెంటర్ ఆయన నష్టం వస్తోందని దుకాణం ఎత్తేయడానికి సిద్ధపడ్డారు. ఎత్తేసే ముందు ఒక్క నెల ప్రతి పైసా రాద్దామని ఒప్పించాను. నెలాఖరుకు లాభనష్టాల పట్టీ తీస్తే ఖర్చులన్నీ పోను 34,600 లాభం కనిపించింది. సొంత వాడకం ఖాతాలో 38,200 ఉంది. దుకాణం నష్టంలో లేదు. ఆ ఇల్లు నెలకు 3,600 ఎక్కువ వాడుతోంది. ఆయన సెంటర్ ఇప్పటికీ నడుస్తోంది. అప్పటి నుంచి వారానికి ఒకసారి, సోమవారం పొద్దున మాత్రమే ఇంటికి డబ్బు తీస్తున్నారు.

గ్నూక్యాష్‌లో దీన్ని ఇలా రాయాలి. షాపు ఫైలులో మూలధనం జాతి కింద 'సొంత వాడకం' అనే ఖాతా తెరవండి. ఇంటికి తీసిన ప్రతి రూపాయీ గల్లా నుంచి గాని, బ్యాంకు నుంచి గాని ఆ ఖాతాలోకి పోవాలి. ఇంటి ఫైలులో అదే మొత్తాన్ని 'షాపు నుంచి తెచ్చింది' అనే ఆదాయంగా రాసుకోండి. నెలాఖరుకు రెండు ఫైళ్లలోనూ ఆ రెండు అంకెలు ఒకటే కావాలి. తేడా వస్తే ఎవరో ఒకరు రాయడం మరిచిపోయినట్టు. వీలైతే మీరూ ఆ టిఫిన్ సెంటర్ ఆయనలాగే వారానికొకసారి ఒక మొత్తం తీసుకుని, మిగతా రోజుల్లో గల్లా ముట్టకండి. పద్దులు తగ్గుతాయి, ఖర్చు మీద అదుపూ వస్తుంది.

మొదలుపెట్టే రోజు

ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజు షాపుకు ఏమేమి ఉన్నాయో, ఎంత ఇవ్వాల్సి ఉందో కాగితం మీద రాయండి. ఉదాహరణకు ఇలా ఉండవచ్చు: గల్లాలో 12,400, బ్యాంకులో 86,250, అరల్లోని సరుకు కొన్న ధరకు 3,40,000, రావలసిన బాకీలు 47,000, మిషన్లు, ఫర్నిచర్ 60,000. మొత్తం 5,45,650. మరోవైపు హోల్‌సేల్ వ్యాపారులకు ఇవ్వాల్సింది 1,15,000, బ్యాంకు అప్పు 1,50,000, కలిపి 2,65,000. తీసివేస్తే మిగిలిన 2,80,650 మీ మూలధనం. చాలామంది చిన్న వ్యాపారులు ఈ అంకెను జీవితంలో మొదటిసారి ఈ కాగితం మీదే చూస్తారు. ఏడాది తర్వాత మళ్లీ ఇదే లెక్క వేస్తే, వ్యాపారం పెరిగిందో లేదో ఎవరినీ అడగనక్కర్లేదు.

సరుకు విలువ దగ్గర చాలామంది ఆగిపోతారు. 200 రంగుల లైనింగ్ మీటర్లు ఎవరు కొలుస్తారు అంటారు. మొదటిసారి ఒక ఆదివారం షట్టర్ దించి, అరకు ఇన్ని తాన్లు, తానుకు సుమారు ఇన్ని మీటర్లు అని లెక్క వేయండి. నాలుగైదు వేలు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. వచ్చే ఏడాదీ అదే పద్ధతిలో లెక్క వేయడం ముఖ్యం.

మనవాళ్లు తరచుగా తప్పు రాసే రెండు పద్దులు

ఒకటి వాయిదా. బ్యాంకు అప్పు మీద నెలకు 6,200 కడుతున్నారనుకోండి. మొత్తం 6,200నూ ఖర్చులో రాయకూడదు. అందులో వడ్డీ 1,450 అయితే అది మాత్రమే ఖర్చు. మిగిలిన 4,750తో అప్పు తగ్గింది. గ్నూక్యాష్‌లో ఒకే పద్దును ఇలా రెండు, మూడు ముక్కలుగా విడగొట్టి రాసే వీలుంది. ఏ నెలలో ఎంత వడ్డీయో తెలుసుకోవడానికి బ్యాంకును అడిగి వాయిదాల పట్టీ తెచ్చుకోండి.

రెండోది చీటీ. మన వ్యాపారుల్లో చీటీ లేనివారు అరుదు. విదేశాల్లో తయారైన సాఫ్ట్‌వేర్ దేనిలోనూ చీటీకి ప్రత్యేకమైన గడి ఉండదు. అయినా జంటపద్దులో అది చక్కగా ఇముడుతుంది. లక్ష రూపాయల చీటీ, 20 నెలలు, నెలకు 5,000 అనుకుందాం. ఈ నెల పాట 22,000కి పోయింది. అందులో నిర్వాహకుడి కమీషన్ 5,000 పోగా 17,000ను 20 మంది పంచుకుంటే తలకు 850 డివిడెండ్. మీరు కట్టేది 4,150. పద్దు ఇలా రాయాలి: 'చీటీ' అనే ఆస్తి ఖాతా 5,000 పెరుగుతుంది, బ్యాంకులో 4,150 తగ్గుతుంది, 'చీటీ డివిడెండ్' అనే ఆదాయంలో 850 చేరుతుంది.

ఎనిమిదో నెల వాయిదా కూడా కట్టాక, ఆ నెల పాట మీరే 22,000కి పాడుకున్నారనుకోండి. చేతికి 78,000 వస్తుంది. బ్యాంకులో 78,000 పెరుగుతుంది, 'చీటీ పాట నష్టం' అనే ఖర్చులో 22,000, చీటీ ఖాతాలోంచి లక్ష తగ్గుతుంది. అప్పటిదాకా 40,000గా ఉన్న ఆ ఖాతా మైనస్ 60,000 చూపిస్తుంది. మిగిలిన 12 నెలలను 5,000తో గుణించి చూడండి, సరిగ్గా 60,000. పాడుకున్న చీటీ ఇక ఆస్తి కాదు, అప్పు అనే మాట తెర మీద మీకే కనబడుతుంది. ఈ లెక్క చూశాక తొందరపడి మొదటి నెలల్లోనే పాడుకోవడం మానేసినవాళ్లు నాకు తెలుసు.

నెలకొకసారి బ్యాంకుతో సరిపోల్చడం మానవద్దు

గ్నూక్యాష్‌లో 'రీకన్సైల్' అనే పని ఉంది. బ్యాంకు స్టేట్‌మెంటులోని చివరి తేదీ, చివరి నిల్వ అందులో వేస్తే, మీరు రాసిన పద్దులన్నీ వరుసగా చూపిస్తుంది. స్టేట్‌మెంటులో ఉన్న ప్రతిదానికీ టిక్కు పెడుతూ పోవాలి. కింద 'డిఫరెన్స్' దగ్గర సున్నా వస్తే ఆ నెల ముగిసినట్టే.

సున్నా రాకపోతే కంగారు పడవద్దు. తేడాను 9తో భాగించి చూడండి. ఒకసారి నాకు 360 తేడా వచ్చింది. 9తో భాగిస్తే సరిగ్గా 40. అంకెలు తారుమారయ్యాయని అప్పుడే అనుకున్నాను. వెతికితే 4,590కి బదులు 4,950 అని రాసి ఉంది. 9తో భాగం పోకపోతే తేడాలో సగం చూడండి. తేడా 2,400 అయితే 1,200 రూపాయల పద్దు ఏదైనా జమకు బదులు ఖర్చు వైపు పడిందేమో వెతకండి. చిట్టా పుస్తకాల కాలంలో మా గురువుగారు నేర్పిన చిట్కాలివి. కంప్యూటర్ వచ్చాక కూడా రోజూ అక్కరకొస్తున్నాయి.

సరిపోల్చేటప్పుడే మీకు తెలియకుండా పోయే డబ్బు కూడా బయటపడుతుంది. మే నెల స్టేట్‌మెంటులో 436, 20 రూపాయల కోతలు కనిపిస్తే అవి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్ష బీమాల ప్రీమియాలు. ఖాతా తెరిచేటప్పుడు సంతకం పెట్టి మరిచిపోయి ఉంటారు. బీమా మంచిదే, ఉంచుకోండి. కాని అది షాపు ఖర్చు కాదు, సొంత వాడకంలో రాయండి.

జీఎస్టీ సంగతి

మీరు తెలంగాణలో ఉన్నారు కాబట్టి ఈ మాట జాగ్రత్తగా చదవండి. సరుకులు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో జీఎస్టీ నమోదు పరిమితి ఏడాదికి 40 లక్షలు. తెలంగాణ పాత పరిమితినే ఉంచుకుంది, అక్కడ 20 లక్షలే. రాజమండ్రి బంధువు "40 లక్షల దాకా ఏమీ అక్కర్లేదు" అంటే అది ఆయనకు వర్తిస్తుంది, మీకు కాదు. పైగా మీకు కుట్టుపని కూడా ఉంది, అది సేవ కిందికి వస్తుంది. బట్టల అమ్మకం, కుట్టుకూలి రెండూ మీ పాన్ మీద కలిపి లెక్కపెట్టాలి. 16 లక్షల దగ్గర ఉన్నారంటే, రెండు మంచి పెళ్లిళ్ల సీజన్లు వస్తే గీత దాటుతారు. దాటిన 30 రోజుల్లోగా నమోదుకు దరఖాస్తు చేయాలి. అందుకే అమ్మకాల ఖాతాను ఏప్రిల్ 1 నుంచి ఎంతయిందో నెలనెలా చూసుకోండి. గ్నూక్యాష్‌లో ఆ పట్టీ తీయడం ఒక నిమిషం పని.

వేరే బ్యాంకు ఖాతా గురించి మొదట్లో అంత గట్టిగా చెప్పడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. 2025 జులైలో కర్ణాటకలో చిరు వ్యాపారులకు యూపీఐ వసూళ్ల ఆధారంగా పన్ను నోటీసులు వెళ్లాయి. మీ తమ్ముడు తిరిగిచ్చిన చేబదులూ, చీటీ డబ్బూ, లైనింగ్ అమ్మిన డబ్బూ ఒకే ఖాతాలో పడుతుంటే, రేపెవరైనా అడిగితే ఏది అమ్మకం, ఏది కాదు అని నిరూపించాల్సింది మీరే. ఖాతాలు వేరుగా ఉండి, వెనక పద్దులు ఉంటే ఒక పూటలో జవాబివ్వవచ్చు.

నమోదైతే గ్నూక్యాష్ పనికొస్తుందా? కొంతవరకు వస్తుంది. అందులో పన్ను పట్టికలు తయారుచేసుకోవచ్చు. 1,000 రూపాయల రెడీమేడ్ బ్లౌజ్ మీద 5 శాతం పన్ను అంటే కేంద్రానికి 25, రాష్ట్రానికి 25 విడివిడి ఖాతాల్లో పడేలా అమర్చుకోవచ్చు. కాని అమ్మకాల రిటర్ను అయిన జీఎస్టీఆర్-1కు కావలసిన ఫైలును అది తయారుచేయదు. కౌంటర్ మీద మామూలు కొనుగోలుదారులకే అమ్మేవారైతే మొత్తాలు చూసి పోర్టల్‌లో నింపుకోవచ్చు. జీఎస్టీ నంబరున్న వ్యాపారులకు రోజూ బిల్లులు రాసేవారికి మాత్రం అది చాలదు. చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ పథకంలో చేరితే పని ఇంకా తేలిక, మూడు నెలలకొకసారి మొత్తం అమ్మకాల మీద పన్ను కట్టి, ఏడాదికొక రిటర్ను వేస్తే సరిపోతుంది. ఆ పథకంలో కొనుగోలుదారుడి దగ్గర పన్ను వసూలు చేయకూడదని గుర్తుంచుకోండి. నమోదయ్యాక లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి.

గ్నూక్యాష్ ఎవరికి పనికిరాదు?

సరుకు నిల్వ అది చూడదు. ఏ రంగు లైనింగ్ ఎన్ని మీటర్లు మిగిలిందో చెప్పదు. మీ షాపుకు అది అవసరమని నేను అనుకోను. మార్చి 31న సరుకు లెక్కపెట్టి, తొలి సరుకుకు కొనుగోళ్లు కలిపి, చివరి సరుకు తీసేస్తే అమ్మిన సరుకు ఖరీదు వస్తుంది. మందుల షాపుకో, ఎరువుల షాపుకో అయితే గడువు తేదీలు, బ్యాచ్ నంబర్లు కావాలి. వాళ్లకు నేను గ్నూక్యాష్ చెప్పను.

ఇద్దరు ఒకేసారి రెండు కంప్యూటర్ల నుంచి ఒకే ఫైలులో రాయలేరు. ఫోను మీద నడిపే పని కాదు, కంప్యూటర్ ఉండాలి. జీతాల పట్టీ తయారుచేసే విభాగం లేదు. మిషన్ మీద కూర్చునే అమ్మాయిలకు వారం కూలి ఇచ్చే మీకు దానితో పనిలేదు.

మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే అసలు వద్దు. కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండాలని, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన అమల్లో ఉంది. సొంత వ్యాపారాలకు, భాగస్వామ్య సంస్థలకు ఆ నిబంధన లేదు.

మిగతావాటి గురించి క్లుప్తంగా. మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వేసుకునే వెర్షన్ ఉచితం, సరుకు నిల్వ కూడా చూస్తుంది, బిల్లులు అందంగా వస్తాయి. గ్నూక్యాష్ నచ్చనివారికి నా రెండో సలహా అదే. చెన్నై కంపెనీ జోహో వారి బుక్స్‌లో చిన్న టర్నోవర్ ఉన్నవారికి ఉచిత ప్లాన్ ఉంది, జీఎస్టీ పనులకు బాగుంటుంది. చేరే రోజున పరిమితి ఎంతో వాళ్ల సైటులో చూసుకోండి, దాటితే చందా కట్టాలి. ముంబై వారి ఈఆర్‌పీనెక్స్ట్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, లెక్కలతో పాటు సరుకు నిల్వ కూడా చూస్తుంది. దాన్ని సర్వర్ మీద నిలబెట్టే మనిషి ఉంటేనే దాని జోలికి వెళ్లండి. వీడియోల్లో తరచూ వినిపించే వేవ్ ఇప్పుడు అమెరికా, కెనడా వ్యాపారాలకే. టాలీకి డబ్బు కట్టకుండా ఎడ్యుకేషన్ మోడ్‌లో వాడవచ్చని ఎవరైనా అంటే, అందులో నెలలో 1, 2, 31 తేదీల పద్దులే రాయగలమని తెలుసుకోండి. అది నేర్చుకోవడానికే. స్నేహితుడి దగ్గర దొరికే దొంగ కాపీ మాత్రం వేసుకోవద్దు. అలాంటి కాపీతో పాటు వచ్చిన వైరస్ వల్ల ఒక హార్డ్‌వేర్ షాపు రెండేళ్ల లెక్కలు పోగొట్టుకుంది, మళ్లీ రాయడానికి నాకు రెండున్నర నెలలు పట్టింది.

ఇంటి లెక్కలు మాత్రమే కావాలంటే

ఇదే ప్రశ్న ఉద్యోగస్తులు కూడా అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. జీతం, అద్దె, కిరాణా, పొదుపు వరకే అయితే హోమ్‌బ్యాంక్ చాలు. ఉచితం, తేలిక, బొమ్మల పట్టీలు బాగుంటాయి. ఇంటి అప్పు, చీటీలు, షేర్లు, బంగారం కూడా ఒకచోట చూడాలంటే గ్నూక్యాష్ మేలు. బంగారాన్ని గ్రాముల్లో షేర్లలాగే రాసుకోవచ్చు. డాలర్లలో జీతం, రూపాయల్లో ఇక్కడి ఇంటి అప్పు ఉన్న మా మేనల్లుడు డల్లాస్‌లో అదే వాడుతున్నాడు. ఒకే ఫైలులో రెండు కరెన్సీలూ ఉంటాయి, డబ్బు పంపిన రోజు మారకపు ధర పద్దులోనే నమోదవుతుంది.

రోజువారీ పని

ప్రతి అమ్మకాన్నీ రాయాలని చూడకండి, పది రోజుల్లో విసుగొచ్చి వదిలేస్తారు. రాత్రి షట్టర్ దించే ముందు ఒక్క పద్దు చాలు. నగదు ఎంత, యూపీఐ ఎంత అనేది ఒకవైపు. బట్టల అమ్మకం ఎంత, కుట్టుకూలి ఎంత అనేది రెండోవైపు. అరువు ఇచ్చినవీ, హోల్‌సేల్ కొనుగోళ్లూ మాత్రం పేరుపేరునా విడిగా రాయండి. ముందు రాసిన పద్దు మొదటి అక్షరాలు కొడితే గ్నూక్యాష్ మిగతాది తానే నింపుతుంది, మీరు అంకెలు మార్చుకుంటే చాలు. అలవాటయ్యాక పదిహేను నిమిషాల పని. గల్లాలో ఒక చిన్న నోటుపుస్తకం, దారంతో కట్టిన పెన్ను ఉంచండి. డబ్బు తీసింది ఎవరైనా సరే, తీసిన క్షణంలోనే అందులో రాయాలి. మీ శ్రీమతి గారితో కలిసి ఈ నియమం పెట్టుకోండి, ఒకరే రాస్తే నిలబడదు.

గ్నూక్యాష్ మీరు సేవ్ చేసినప్పుడల్లా తేదీ, సమయంతో పాత కాపీలు అదే ఫోల్డర్‌లో ఉంచుతుంది. వాటిని చూసి చెత్త అనుకుని చెరిపేయకండి, ముప్పై రోజులు దాటినవాటిని అదే తీసేస్తుంది. అయితే కంప్యూటరే పాడైతే అవీ పోతాయి. రెండు పెన్‌డ్రైవులు కొని, ఒక శనివారం ఒకటి, మరుసటి శనివారం ఇంకొకటి చొప్పున ఫైలు కాపీ చేయండి. రెండింటిలో ఒకటి ఎప్పుడూ ఇంట్లోనే ఉండాలి, షాపులో కాదు.

ఏప్రిల్ 1 దాకా ఆగాలా అని కూడా అడిగారు. ఆగకండి. వచ్చే ఒకటో తారీఖునే మొదలుపెట్టండి. మొదటి నెల తప్పులతడకగా ఉంటుంది, రెండో నెల బ్యాంకుతో సరిపోలుతుంది, మూడో నెలాఖరుకు సొంత వాడకం ఖాతా తెరిచి చూడండి. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ ఖాతాలో ఉంటుంది.